స్క్రోల్ సా బ్లేడు పై క్లాంపు దగ్గరే తెగతా ఉండాది: బిగువు ఎక్కువా, క్లాంపు తేడానా?

కావలి జాలీపని: పూజామందిరాల జాలీలు. స్క్రోల్ సా అంటే సన్న బ్లేడు పైకీ కిందకీ ఆడతా మలుపులు కోసే కరెంటు రంపం, బ్లేడు రెండు కొసల్నీ పట్టుకునేవి క్లాంపులు. ముప్పావు అంగుళం టేకు, 5 నంబరు పిన్ను లేని బ్లేడు. పూటకి ఆరేడు తెగతా ఉండాయి, అన్నీ పై క్లాంపుకి ఆనుకునే. బిగువు తగ్గిస్తే మలుపుల్లో కోత పొట్ట వేస్తా ఉండాది.

ఒంగోలు పాతరంపం: బిగువెక్కువ. వేలితో మీటి చూడు. టింగుమంటే సరి, టప్పంటే లూజు. ఇంతకు మించి ఏం లేదు.

నెల్లూరు బుష్షు: చెవితో బిగువేందన్నా? ఒకే బిగువుకి సన్న బ్లేడు 2 నంబరు సన్నంగా మోగుద్ది, వెడల్పు బ్లేడు 7 నంబరు మొద్దుగా మోగుద్ది. 2 నంబరు మోత గుర్తుపెట్టుకొని 7 బిగిస్తే మోతాదు దాటుద్ది. బ్లేడు మధ్యలో వేలితో పక్కకి నెట్టండి. 3 మిల్లీమీటర్లు కదిలితే చాలు.

ఇక తెగే చోటు చూడండి. కట్టెని బలంగా తోసినా, పళ్ళు అరిగినా మధ్యలో తెగుద్ది. క్లాంపు మొదట్లోనే తెగతా ఉందంటే అక్కడ బ్లేడు మడత పడతా ఉంది. ప్లగ్గు పీకి, కొత్త బ్లేడు సగం బిగువుతో పెట్టి, మిషను పై చేతిని మీ చేత్తోనే పైకీ కిందకీ ఆడించండి. ఎదురుగా మూలమట్టం పెట్టి చూస్తే బ్లేడు పక్కకి జరగకూడదు. జరిగితే పై క్లాంపూ కింది క్లాంపూ ఒక వరసలో లేనట్టే.

ఒంగోలు పాతరంపం: 2 నంబరుకీ 7కీ తేడా తెలియనోడు రంపం ఎందుకు పట్టుకుంటాడు? ఏ నంబరు మోత దానికే.

సింగరాయకొండ: బ్లేడు కొసలకి నూనె ఉంటే జారుద్ది. స్పిరిట్‌తో తుడిచి, ఎమరీ పేపరు మీద ఒకసారి రుద్దండి.

నెల్లూరు బుష్షు: జారితే ఊడుద్ది, తెగదు. అడిగింది తెగేదాని గురించి.

ఒంగోలు పాతరంపం: ఉదయగిరి కొయ్య గరిటెలు చేసేవాళ్ళు ఆకురాయితో అంత నున్నగా తీస్తారు, వాళ్ళకి ఏ మిల్లీమీటర్లు చెప్పావు నువ్వు?

నెల్లూరు బుష్షు: ఆకురాయికి బిగువు మీట ఉందా సామీ?

కావలి జాలీపని: మీరిద్దరూ ఆగండి. మిషను కొని ఏడాది కూడా కాలా. కోసే కుర్రాడే మలుపు దగ్గర లాగతాడు. రెండు నెలలుగా తెగిన బ్లేడుకి ఇరవై రూపాయలు కూలిలో పట్టుకుంటా ఉండా, అయినా తగ్గలా.

నెల్లూరు బుష్షు: అదా సంగతి! బిగువా క్లాంపా అని అడిగి, నేరం ముందే కుర్రాడి మీద రాసేశారు. మలుపులో లాగితే మధ్యలో తెగాలయ్యా. మిషను తప్పుకి వాడి కూలి ఎట్టా కోస్తారు?

ఒంగోలు పాతరంపం: బ్లేడు ఖర్చు యజమాని ఒక్కడే ఎందుకు మొయ్యాలి? పట్టుకోకపోతే ఎవడికీ జాగ్రత్త ఉండదు. నేనైతే పట్టుకుంటా.

నెల్లూరు బుష్షు: బ్లేడు అరిగే సరుకన్నా. టేకు పదును తినేస్తది. దాన్ని జాలీ ధరలో కలుపుకోవాలి గానీ కూలిలో కాదు. కావలి అన్నా, పై క్లాంపు స్క్రూ పూర్తిగా ఊడదీసి కొస చూడండి. గట్టిగా బిగించీ బిగించీ కొస పుట్టగొడుగులా విచ్చుకొని ఉంటే బ్లేడుని ఒక అంచునే నొక్కుద్ది. బ్లేడు అక్కడే మెలి తిరిగి, నిమిషానికి వెయ్యి సార్లు అదే చోట వంగుద్ది. సన్న ఆకురాయితో కొస చదును చేయండి. స్క్రూ మర అరిగుంటే పాత స్క్రూ వెంట తీసుకెళ్ళి, అదే మరకి సరిపోయేది తెండి. మార్చాక చేత్తోనే బిగించండి, పట్టకారు వద్దు.

సింగరాయకొండ: వారంటీ ఉంటే ఆకురాయి పెట్టొద్దు. ముందు ఫొటో తీసి అమ్మినోడికి పంపండి.

కావలి జాలీపని: ఊడదీశా. పుట్టగొడుగే. ఒక పక్క నున్నగా మెరస్తా ఉండాది, ఇంకో పక్క నలుపు పోలా. ఫొటో తీసి, షాపులో అలాంటిదే కొత్తది వేశా. పొద్దున్నించీ ఒకటే తెగింది, అదీ మధ్యలో.

నెల్లూరు బుష్షు: మరి రెండు నెలలు పట్టుకున్న డబ్బులు?