వియత్నాం ప్రదర్శన: గోడ మీద మొదటి తేదీ ఏది?

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. మధ్యాహ్నం నుంచి రాత్రి భోజనాల దాకా మనదే. కమిటీలో అనుకున్నట్టే ఈసారి అంశం వియత్నాంలో అమెరికా తొలి అడుగులు. ఉత్తర వర్జీనియాలో ఉంటున్న మనకు ఇది ఎక్కడిదో దూరపు కథ కాదు. ఫాల్స్ చర్చ్‌లోని ఈడెన్ సెంటర్‌కు మనలో చాలామందిమి వెళ్తూనే ఉంటాం. అక్కడ దుకాణాలు నడిపేవారిలో ఎందరో 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవారు, లేదా వారి పిల్లలు. వారిని అతిథులుగా పిలుస్తున్నాం. వాళ్ల కళ్ల ముందు మనం పెట్టే ప్రతి వాక్యం నిజం కావాలి, మర్యాదగా ఉండాలి.

ప్యానెళ్ల ముసాయిదా చూశాను. మొదటిది 1964 ఆగస్టు, టాంకిన్ సింధుశాఖ. ఇందుకు నేను ఒప్పుకోలేను. అక్కడ మొదలుపెడితే, సముద్రంలో ఏదో దాడి జరిగింది కాబట్టి అమెరికా యుద్ధానికి దిగింది అన్నట్టు ఉంటుంది. 1963 చివరికే దాదాపు 16,000 మంది అమెరికా సైనిక సలహాదారులు దక్షిణ వియత్నాంలో ఉన్నారు. వాళ్లు అక్కడికి ఎలా చేరారో చెప్పకపోతే మన ప్రదర్శనకు అర్థం లేదు.

ప్యానెళ్లు తయారుచేస్తున్న తమ్ముడు:
అక్కా, చోటు చాలదని అలా చేశాను. ఆ గోడకు ఎనిమిది ప్యానెళ్లకు మించి పట్టవు. 1945 నుంచి మొదలుపెడితే సగం గోడ ఫ్రాన్సుకే పోతుంది. అందులో అమెరికా ఎక్కడుంది?

సమన్వయకర్త:
మొదటి రోజు నుంచీ ఉంది తమ్ముడూ. 1945 వేసవిలో ఉత్తర వియత్నాం అడవుల్లో జపాన్‌కు వ్యతిరేకంగా పోరాడుతున్న వియత్‌మిన్ స్వాతంత్ర్యోద్యమ దళాలకు తర్ఫీదు ఇచ్చింది అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్‌ఎస్ పంపిన చిన్న బృందం. జబ్బుపడి ఉన్న వారి నాయకుడు హో చి మిన్‌కు ఆ బృందంలోని వైద్య సహాయకుడే మందులిచ్చాడు. సెప్టెంబర్ 2న హనోయిలోని బా దిన్ మైదానంలో హో చి మిన్ స్వాతంత్ర్య ప్రకటన చదివినప్పుడు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలతోనే మొదలుపెట్టాడు. ఆ తర్వాత అధ్యక్షుడు ట్రూమన్‌కు లేఖలు రాశాడు, తంతి పంపాడు. ఫ్రెంచివాళ్లు తిరిగి వస్తున్నారు, మా స్వాతంత్ర్యానికి అండగా నిలవండి అని వేడుకోలు. జవాబు రాలేదు. 1946 ఫిబ్రవరి 28 నాటి ఆ తంతి ఇప్పటికీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. దాని నకలును పెద్దదిగా అచ్చు వేయించి మొదటి ప్యానెల్ మధ్యలో పెడదాం. దాని ముందు జనం ఆగి చదువుతారు.

జవాబు ఎందుకు రాలేదో కూడా రాయాలి. ఐరోపాలో సోవియట్ యూనియన్‌ను నిలువరించాలంటే ఫ్రాన్సు అమెరికాకు కావాలి. ఫ్రాన్సుకేమో తన వలస రాజ్యం కావాలి. 1949లో చైనా కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. 1950 జనవరిలో చైనా, సోవియట్ యూనియన్ హో ప్రభుత్వాన్ని గుర్తించాయి. ఫ్రాన్సు నిలబెట్టిన మాజీ చక్రవర్తి బావో దాయ్ ప్రభుత్వాన్ని ఫిబ్రవరిలో అమెరికా గుర్తించింది. మే నెలలో విదేశాంగ మంత్రి అచెసన్, వియత్‌మిన్‌తో పోరాడుతున్న ఫ్రాన్సుకు సాయం ప్రకటించాడు. అప్పటికి కొరియా యుద్ధం ఇంకా మొదలే కాలేదు. 1954కల్లా ఫ్రాన్సు యుద్ధ ఖర్చులో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికా ఖజానా నుంచే వెళ్తోంది. చనిపోతున్నది ఇండోచైనా ప్రజలు, ఫ్రెంచి సైనికులు. డబ్బు మాత్రం ఇక్కడిది. దీన్ని ఫ్రాన్సు గొడవ అని పక్కన పెట్టలేం.

నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఏ అధ్యక్షుడూ ఒక ఉదయం లేచి, వియత్నాంలో పెద్ద యుద్ధం చేస్తానని నిర్ణయించలేదు. ప్రతి నిర్ణయమూ తీసుకున్న రోజున చిన్నదిగానే కనిపించింది. అంతకుముందు పెట్టిన డబ్బు, ఇచ్చిన మాట, పోయిన ప్రాణం వృథా కాకూడదని తరువాతి అడుగు పడింది. ఎనిమిది ప్యానెళ్లూ ఆ అడుగులనే చూపాలి.

ప్యానెళ్లు తయారుచేస్తున్న తమ్ముడు:
అర్థమైందక్కా. అయితే టాంకిన్‌ను ఏడోదానికి జరుపుతాను. 1954 ఒక్కదానికే రెండు ప్యానెళ్లు పట్టేలా ఉంది.

మాస్టారు (విశ్రాంత చరిత్ర అధ్యాపకులు, అమ్మాయి దగ్గరికి వచ్చి ఉన్నారు):
అమ్మా, 1954కు రెండు ప్యానెళ్లు తప్పకుండా ఇవ్వండి. మొదటిది దియెన్ బియెన్ ఫూ. ఆ ఏడాది మార్చి 13న ముట్టడి మొదలైంది, మే 7న ఫ్రెంచి స్థావరం లొంగిపోయింది. ఆ మధ్యలోనే, ఏప్రిల్ 7న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పత్రికలవారితో మాట్లాడుతూ, ఒక దేశం పడితే పక్కవి వరుసగా పడతాయన్న డామినో పోలిక చెప్పాడు. విచిత్రం ఏమిటంటే అదే మనిషి అదే నెలలో యుద్ధానికి దిగకుండా ఆగాడు. ఫ్రెంచి స్థావరాన్ని కాపాడటానికి బాంబర్లను పంపే ఆలోచన జరిగింది. అమెరికా కాంగ్రెస్ నాయకులు మిత్రదేశాలు కలిసిరావాలన్నారు, బ్రిటన్ రానంది, ఆలోచన ఆగిపోయింది. ఆగడం కూడా సాధ్యమేనని పిల్లలకు తెలియాలి. ఇది తప్పక రాయండి.

రెండోది జెనీవా శాంతి సమావేశం. ఇక్కడే మన భారతదేశం కథలోకి వస్తుంది. జూలై 21 నాటికి ఒప్పందాలు కుదిరాయి. 17వ అక్షాంశం దగ్గర తాత్కాలిక విభజన, 1956 జూలైలో దేశమంతటికీ ఎన్నికలు. తుది ప్రకటనలో అమెరికా చేరలేదు. బలప్రయోగంతో భంగపరచబోమని మాత్రం విడిగా చెప్పింది. ఈ ఒప్పందం అమలును చూడటానికి వేసిన అంతర్జాతీయ సంఘానికి భారతదేశం అధ్యక్షత వహించింది. కెనడా, పోలెండ్ సభ్యులు. మన సైనికాధికారులు, దౌత్యవేత్తలు హనోయిలోనూ సైగాన్‌లోనూ ఏళ్ల తరబడి ఉండి ఆయుధాల, సైనికుల లెక్కలు చూశారు. నెహ్రూ 1954 అక్టోబర్‌లో హనోయి వెళ్లాడు. హో చి మిన్ 1958 ఫిబ్రవరిలో భారత్ వచ్చాడు.

నేను పాఠం చెప్పే రోజుల్లో విద్యార్థులకు ఒక సంఖ్య గుర్తుపెట్టుకోమనేవాణ్ణి. 342. జెనీవా నాటికి అక్కడున్న అమెరికా సైనిక సలహా బృందం పరిమితి అది. దాన్ని దాటకూడదు. 1956లో మరో 350 మంది వచ్చారు. పేరు తాత్కాలిక పరికరాల స్వాధీన బృందం. ఫ్రెంచివాళ్లు వదిలి వెళ్లిన సామగ్రిని లెక్కగట్టి తీసుకువెళ్లడం వారి పని అన్నారు. నిజానికి వారు దక్షిణ వియత్నాం సైన్యానికి తర్ఫీదులో చేయి వేశారు. సలహాదారుల సంఖ్య రెట్టింపయింది, కాగితం మీద మాత్రం పరిమితి చెక్కుచెదరలేదు. అమ్మా, మీరు చెప్పిన చిన్న అడుగు అంటే ఇలాగే ఉంటుంది.

సమన్వయకర్త:
మాస్టారూ, ధన్యవాదాలు. నాలుగో ప్యానెల్ మీరే రాయండి. 342 అన్న అంకెను పెద్ద అక్షరాల్లో వేద్దాం. దాని కింద 1960 చివరికి దాదాపు 900, 1963 చివరికి దాదాపు 16,000 అని వేస్తే చాలు, వేరే పటం అక్కరలేదు.

పిల్లల విభాగం చూసే వదిన:
రెండు విషయాలు. ఒకటి, పటం. పిల్లలచేత నేల మీద పెద్ద వియత్నాం పటం గీయిస్తున్నాను. 17వ అక్షాంశం దగ్గర తాడు కడతాం. 1954–55లో ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చిన ఎనిమిది లక్షలకు పైగా జనం, ఎక్కువమంది కేథలిక్కులు, ఏ దారిన వచ్చారో పిల్లలే నడిచి చూపిస్తారు. మన అతిథుల్లో ఆ కుటుంబాలవారు ఉండవచ్చు. వారికి అవకాశం ఇస్తే వారే చెబుతారు, మైకు దగ్గర ఉంచండి.

రెండోది కష్టమైనది. 1963 జూన్ 11న సైగాన్ కూడలిలో బౌద్ధ సన్యాసి థిచ్ క్వాంగ్ డక్ ఆత్మాహుతి చేసుకున్న ఫొటో ముసాయిదాలో ఉంది. చిన్నపిల్లలు వస్తారు. ఆ ఫొటోను వారి కళ్ల ఎత్తులో పెట్టడం నాకు సమ్మతం కాదు. అలాగని ఆ సంఘటనను వదిలేయలేం. దక్షిణ వియత్నాం అధ్యక్షుడు దియెమ్ ప్రభుత్వంపై అమెరికా నమ్మకం సడలడానికి ఆ వేసవి పెద్ద కారణం.

ప్యానెళ్లు తయారుచేస్తున్న తమ్ముడు:
వదినా, ఒక దారి ఉంది. ఆయన ఆ కూడలికి వచ్చిన ఆస్టిన్ కారును హ్యూ నగరంలో థియెన్ మూ పగోడా ఆవరణలో నేటికీ భద్రంగా ఉంచారు. ఆ కారు ఫొటో పెట్టి, పక్కన నాలుగు వాక్యాలు రాద్దాం. హ్యూలో మే 8న బౌద్ధ జెండాల నిషేధాన్ని నిరసించిన జనంపై కాల్పులు జరగడం నుంచి చెప్పాలి.

పిల్లల విభాగం చూసే వదిన:
చాలా బాగుంది. అలాగే కానివ్వు.

సమన్వయకర్త:
ఇక జెండా. ఆహ్వాన పత్రికలో ఎర్ర జెండా, పసుపు నక్షత్రం వేశారు. దయచేసి తీసేయండి. అది నేటి వియత్నాం జెండాయే కావచ్చు. కానీ ఇక్కడి వియత్నామీయుల్లో చాలామందికి అది తమ ఇంటిని, తమ వాళ్లను లాక్కున్న జెండా. వాళ్లు గౌరవించేది పసుపు మీద మూడు ఎర్ర చారలున్న పాత దక్షిణ వియత్నాం జెండా. మనం ఏదీ వేయవద్దు, తామర పువ్వు చాలు. తేదీ కూడా ఏప్రిల్ 30 దరిదాపుల్లో పెట్టవద్దు, సైగాన్ పడిపోయిన రోజు కాబట్టి అది వారికి సంతాప దినం.

దియెమ్ ప్యానెల్‌లో కీలుబొమ్మ అన్న మాట ఉంది, అదీ వద్దు. మర్యాద కోసం మాత్రమే కాదు, అది సరైన మాట కాదు. బావో దాయ్‌ను తప్పించడానికి పెట్టిన 1955 అక్టోబర్ ప్రజాభిప్రాయ సేకరణలో తనకు 98 శాతం ఓట్లు వచ్చాయని ప్రకటించుకున్నాడు. సైగాన్‌లో నమోదైన ఓటర్లకన్నా పోలైన ఓట్లే ఎక్కువ. జెనీవా ఎన్నికలు జరగనివ్వలేదు, అమెరికా అందుకు వంతపాడింది. ఇవన్నీ రాయాల్సిందే. కానీ అతను వాషింగ్టన్ మాట వినని సందర్భాలూ కోకొల్లలు. అందుకే కదా 1963 నవంబర్‌లో సేనాధిపతుల కుట్రకు అమెరికా పచ్చజెండా ఊపింది. నవంబర్ 2న దియెమ్, అతని తమ్ముడు ఎన్హూ హత్యకు గురయ్యారు. ఆ తర్వాత సైగాన్‌లో వచ్చిన ప్రతి ప్రభుత్వం బరువూ అమెరికా భుజాన పడింది. నా దృష్టిలో టాంకిన్‌కన్నా ఇదే పెద్ద మలుపు.

మాస్టారు:
కెనడీ ప్యానెల్‌కు ఒక మాట చేర్చండి. అప్పట్లో ఢిల్లీలో అమెరికా రాయబారి ఆర్థికవేత్త గాల్‌బ్రైత్. కెనడీ కోరిక మీద 1961 నవంబర్‌లో సైగాన్ వెళ్లి చూసి వచ్చాడు. 1962 ఏప్రిల్‌లో అధ్యక్షుడికి రాసిన పత్రంలో, మనం ఫ్రాన్సు స్థానంలోకి వెళ్లి వారిలాగే రక్తం ధారపోసే ప్రమాదం ఉందని హెచ్చరించాడు. రాజకీయ పరిష్కారం వెతకమన్నాడు. సైనికాధిపతులు కాదన్నారు. అదే ఏడాది జూన్‌లో భారత్ అధ్యక్షతన ఉన్న సంఘం ఇచ్చిన నివేదిక ఇరువైపులా తప్పు పట్టింది. ఉత్తరం నుంచి దక్షిణానికి మనుషులు, ఆయుధాలు వస్తున్నాయని చెప్పింది. అమెరికా సైనిక కమాండ్ ఏర్పాటు వాస్తవంలో సైనిక కూటమికి సమానమనీ చెప్పింది. పోలెండ్ తొలి భాగంతో విభేదించింది. తెలియక జరిగింది అనడానికి వీల్లేదు, చెప్పినవారు ఉన్నారు.

ప్యానెళ్లు తయారుచేస్తున్న తమ్ముడు:
నిన్న వాషింగ్టన్‌లో వియత్నాం స్మారక గోడ దగ్గరికి వెళ్లి వచ్చాను, ఫొటోలు పంపిస్తున్నాను. రెండు గోడలు కలిసే మూలలో, తూర్పు వైపు మొదటి పలక పైభాగాన తొలి పేర్లు మేజర్ డేల్ బ్యూయిస్, మాస్టర్ సార్జెంట్ చెస్టర్ ఓవ్‌నాండ్. 1959 జూలై 8న బియెన్ హోవాలో భోజనశాలలో సినిమా చూస్తుండగా జరిగిన దాడిలో చనిపోయారు. నల్లరాయి బాగా నున్నగా ఉంటుంది, ఫొటోలో నా నీడ పడింది. మేఘం పట్టిన రోజు మళ్లీ తీస్తాను.

అక్కడి మార్గదర్శకుడు మరో పేరు చూపించాడు. రిచర్డ్ ఫిట్జ్‌గిబ్బన్, వైమానిక దళం. 1956 జూన్‌లో సైగాన్‌లో సహచరుడి చేతిలోనే చనిపోయాడు. రక్షణ శాఖ యుద్ధ ప్రారంభ తేదీగా 1955 నవంబర్ 1ని గుర్తించాక, 1999లో అతని పేరు గోడ మీద చెక్కారు. అతని కొడుకు కూడా 1965లో అక్కడే చనిపోయాడు. తండ్రీకొడుకులిద్దరి పేర్లూ ఉన్నాయి. అక్కా, మీరు మొదటి తేదీ గురించి పట్టుబట్టింది ఎందుకో అక్కడ నిలబడినప్పుడు పూర్తిగా తెలిసింది.

సమన్వయకర్త:
ఆ పేర్ల ఫొటోలు ఐదో ప్యానెల్‌కు. ఏడోది టాంకిన్. ఆగస్టు 2న అమెరికా యుద్ధనౌక మాడాక్స్‌పై దాడి జరిగింది. 4వ తేదీన జరిగిందన్న రెండో దాడి జరగనే లేదని జాతీయ భద్రతా సంస్థ సొంత చరిత్రకారుడే తేల్చాడు, ఆ పత్రం 2005లో బయటికి వచ్చింది. సైనిక బలం వాడే అధికారాన్ని అధ్యక్షుడికిచ్చిన తీర్మానం 7న దిగువ సభలో 416–0తో, సెనేట్‌లో 88–2తో నెగ్గింది. వ్యతిరేకించిన సెనేటర్లు మోర్స్, గ్రూనింగ్ ఇద్దరి ఫొటోలూ పెట్టండి. ఎనిమిదోది 1965 మార్చి 8, దా నాంగ్ తీరంలో దిగిన 3,500 మంది మెరైన్లు. అక్కడితో గోడ ఆపేద్దాం.

భోజనాలు చూసే బాబాయి గారు:
మనవైపు పులిహోర, దద్దోజనం, గారెలు. అతిథులు స్ప్రింగ్ రోల్స్ తెస్తామన్నారు. వాటితో ఇచ్చే పచ్చడిలో చేపల రసం ఉంటుంది కాబట్టి శాకాహారులకు వేరే బల్ల, పెద్ద అక్షరాల్లో చీటీ. బౌద్ధ గుడికి వెళ్లేవారు శాకాహార వంటలు కూడా తెస్తామన్నారు.

సమన్వయకర్త:
బాబాయి గారూ, అలాగే చేయండి. అందరూ ప్యానెళ్ల పాఠం ఆదివారం రాత్రికల్లా పంపండి. అచ్చుకు వెళ్లేముందు అతిథుల్లో ఇద్దరు పెద్దలు చదువుతామన్నారు. వారు అభ్యంతరం చెప్పిన వాక్యాన్ని మాస్టారు, నేను కూర్చుని సరిచూస్తాం. వాస్తవం అయితే ఉంచుతాం, మాట తీరు అయితే మారుస్తాం. కుర్చీలు వేయడానికి ఇంకా మనుషులు కావాలి, ఇక్కడే పేరు రాయండి.