సొంత కారుకు 15 ఏళ్ల దాకా తనిఖీ అక్కర్లేదా? ఎన్నేళ్లకోసారి ఉండాలి?

నాగావళి (శ్రీకాకుళం)

కార్తీకంలో పిల్లలతో అరకు వెళ్లి వస్తున్నాం. అనంతగిరి దాటి ఎస్.కోట వైపు దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తబడింది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి తొక్కితే నేలకు తగిలింది. మా ఆయన గేరు తగ్గించుకుంటూ, హ్యాండ్ బ్రేకు లాగుతూ కొండవైపు కాలువలోకి దించి ఆపారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఆ రాత్రి నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

కారు 2014 మోడల్. దాన్ని ఈ మధ్యనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అమ్మినాయన ఇల్లు కళింగపట్నం దగ్గర, సముద్రానికి ఆనుకుని. షెడ్డులో పైకెత్తి చూస్తే బ్రేకు పైపులు ఉప్పుగాలికి తుప్పు పట్టి పెచ్చులూడుతున్నాయి. ఆయిల్ డికాషన్‌లా నల్లగా ఉంది.

కాగితాలు మాత్రం అన్నీ సక్రమమే. ఆర్‌సీ 2029 దాకా ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. పేరు మార్చుకునేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకున్నారు. బ్రేకులు పడుతున్నాయా అని ఒక్కరూ అడగలేదు, ఎందుకంటే అడగాలన్న రూలే లేదు. పొగ వదిలే గొట్టాన్ని ఏటా పరీక్ష చేయించాలట, ప్రాణాలు కాపాడే బ్రేకును 15 ఏళ్ల దాకా చూడక్కర్లేదట!

నా మాట ఇది: ఐదో ఏట మొదటి తనిఖీ, తర్వాత రెండేళ్లకోసారి, పదేళ్లు దాటితే ఏటా. మీరేమంటారు?

ఎస్.కోట టాక్సీ

అమ్మా, మీరు క్షేమంగా దిగారు, అదే పదివేలు. ఆ ఘాట్ నాకు రోజూ తెలిసిన దారే.

కానీ 14 ఏళ్లుగా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయిస్తున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా. మా పసుపు బోర్డు బండ్లకు కొత్తలో రెండేళ్లు, ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఎఫ్‌సీ. ఆ రోజు కిరాయి పోతుంది. ముందురోజు తెలిసినవాళ్ల దగ్గర మంచి టైర్లు అరువు తెచ్చి బిగించేవాళ్లను ఎంతమందిని చూశానో. రేడియం స్టిక్కర్లు అంటిస్తారు, సొట్టలు కనబడకుండా రంగు కొట్టిస్తారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి ముందు ఓ చుట్టు తిప్పుతారు, అయిపోతుంది. సాయంత్రానికి పాత టైర్లు మళ్లీ ఎక్కుతాయి. ఏ ఊళ్లోనో చెప్పను.

2019లో మొదలైన వాహనమిత్ర పథకం కింద మాకు ఏటా 10 వేలు ఇచ్చింది ఈ ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, రిపేర్ల కోసమే. అంటే మా మీద ఎంత బరువో ప్రభుత్వానికీ తెలుసు. ఆ బరువే ఇప్పుడు సొంత కార్లవాళ్ల మీద కూడా పెడితే ఏజెంట్లు బాగుపడతారు, బ్రేకులు బాగుపడవు.

నాగావళి

అన్నా, మీరు చెప్పిన బాధ నిజమే. కానీ అది తనిఖీ చేసే తీరులో ఉన్న లోపం. పరీక్షలో కాపీ కొడుతున్నారని పరీక్షలే తీసేస్తామా?

గజపతినగరం మాస్టారు

నేను ఒప్పుకోను తల్లీ. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ చావుల్లో 70 శాతం పైచిలుకు అతివేగం ఖాతాలోనే ఉన్నాయి. హైవే మీద రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లను ఆపకుండా, ఇంట్లో పెట్టుకున్న కారును ఏటా లైన్లో నిలబెడితే ఎవరి ప్రాణం నిలుస్తుంది? అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు ఈ తనిఖీనే ఎత్తేసింది.

నాది పింఛను బతుకు. నా కారు పదేళ్లలో తిరిగింది 28 వేల కిలోమీటర్లు. గుడికి, ఆసుపత్రికి, ఎప్పుడైనా విజయనగరం. టైర్ల గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. 15 ఏళ్లు దాటాక ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. తనిఖీ అని మొదలుపెడితే దానికీ ఇలాగే ఫీజు పెంచుతారు. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే బండికీ నా బండికీ ఒకే గడువు అంటే అన్యాయం కాదా?

నాగావళి

మాస్టారూ, మీ మాట కాదనలేను, వేగమే ఎక్కువమందిని చంపుతోంది. కానీ ఒక్కటి ఆలోచించండి. మేము ఆ రోజు లోయలో పడి ఉంటే, నుజ్జయిపోయిన కారులోంచి బ్రేకు ఆయిల్ తీసి చూసేదెవరు? మమ్మల్ని కూడా అతివేగం లెక్కలోనే రాసేవారేమో.

లెస్టర్‌లో ఉన్న సోంపేట వాడు

ఇక్కడ బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండాక మొదటి ఎంవోటీ (ఇక్కడి తనిఖీ పేరు అదే), ఆపైన ప్రతి ఏడాదీ. మొదటిదాన్ని నాలుగో ఏటికి జరుపుదామని 2023లో ప్రభుత్వం ప్రతిపాదించింది, చివరికి మూడేళ్లే ఉంచారు. జర్మనీలో మూడేళ్లు, తర్వాత రెండేళ్లకోసారి. జపాన్‌లో కూడా అంతే.

నాకు నచ్చింది గడువు కన్నా ఇంకొకటి. నంబరు ప్లేటు కొడితే ఆ కారు పాత ఎంవోటీలన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా కనిపిస్తాయి. ఏ ఏడాది ఫెయిలైంది, ఎందుకు ఫెయిలైంది, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగింది, అన్నీ. పాసైనా సరే, ‘బ్రేకు పైపు తుప్పు పడుతోంది, చూసుకోండి’ అని రాసి పెడతారు. నేను ఇక్కడ కొన్న మొదటి కారు అలా చదివే కొన్నాను. నాగావళి గారూ, మీ కారు ఇక్కడ ఉండుంటే ఆ తుప్పు సంగతి కొనకముందే మీకు తెలిసేది.

మెకానిక్ షెడ్డు, చీపురుపల్లి

ఇంతసేపూ ఏళ్ల లెక్కే నడుస్తోంది. బండి కింద పడుకుని చూసేవాడిగా నా మాట చెప్తాను.

అమ్మగారి బండికి జరిగింది ఇదీ. బ్రేకు ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరాక 155 దగ్గరే మరిగిపోవచ్చు. ఘాట్‌లో కాలు తీయకుండా బ్రేకు తొక్కుతూ దిగితే వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరి నొక్కుకుపోతుంది, అందుకే పెడల్ నేలకు దిగిపోతుంది. చల్లారాక మళ్లీ మామూలుగా పనిచేస్తుంది, మనం మర్చిపోతాం. రెండేళ్లకోసారి ఆయిల్ మారిస్తే ఈ బాధ ఉండదు. నా దగ్గరికి వచ్చే పాత బండ్లలో సగానికి ఒక్కసారి కూడా మార్చి ఉండరు. ఇంజన్ ఆయిల్ అయితే గుర్తుపెట్టుకుని మారుస్తారు, బ్రేకు ఆయిల్ అనేది ఒకటుందనే చాలామందికి తెలియదు.

తిరగని బండి చెడదనుకోవడం కూడా పొరపాటు మాస్టారూ. ఆయిల్ తేమ పీల్చుకోవడానికి, రబ్బరు ఎండిపోవడానికి కిలోమీటర్లతో పని లేదు. మీ టైరు పక్కన డాట్ (DOT) అని ఇంగ్లీషులో ఉంటుంది, ఆ వరస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఒకసారి చూడండి. నాలుగూ ఒకవైపు కనబడకపోతే లోపలివైపు ఉంటాయి. గాడి లోతు కారుకు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదని రూలు ఉంది, అది మీకు ఉంటుంది. నా భయం గాడి గురించి కాదు, వయసు గురించి.

టాక్సీ అన్న చెప్పింది నిజమే. కంటితో చూసి ఓ చుట్టు తిప్పితే ఏమీ తెలియదు. రోలర్ల మీద చక్రం ఎక్కించి ఏ చక్రానికి ఎంత బ్రేకు పడుతోందో మిషన్ చెప్పాలి. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు కేంద్రం 2021లోనే నిబంధనలు తెచ్చింది. అలాంటి స్టేషన్ కారులో గంటలోపు చేరేంత దగ్గరలో లేకుండా మాత్రం గడువు పెట్టొద్దు. పాలకొండ వైపు పల్లెవాళ్లు ఒక తనిఖీ కోసం విశాఖ దాకా పోవాలంటే మళ్లీ ఏజెంటు దగ్గరికే చేరతారు.

ఎస్.కోట టాక్సీ

మిషన్ అయితే నేను కూడా ఒప్పుకుంటాను. కాగితం మీద రీడింగు రావాలి. టైర్ల అరువు మాత్రం మిషన్ కూడా పట్టలేదు తమ్ముడూ, అది గుర్తుంచుకో.

మెకానిక్ షెడ్డు, చీపురుపల్లి

నిజమే అన్నా. తనిఖీలో టైరు నంబర్లు రాసుకుంటే కొంత ఆగుతుంది.

నాగావళి

సరే, నా గడువు కొంచెం మార్చుకుంటున్నా. ముందుగా ఒక్కటి చేస్తే చాలు: కారు చేతులు మారిన ప్రతిసారీ మిషన్ తనిఖీ, ఆ రిపోర్టు కొనేవాళ్ల చేతికి ముందే ఇవ్వాలి. ఫీజు అమ్మేవాళ్లది. పదేళ్లు దాటిన బండికి ఏటా అన్న మాట మీద మాత్రం నిలబడతాను. ఐదో ఏట మొదలుపెట్టాలా, ఏడో ఏటా అన్నదాని మీద పట్టుబట్టను.

గజపతినగరం మాస్టారు

ఇప్పుడే టార్చిలైటు పట్టుకుని వెళ్లి చూశాను. నాలుగింటి మీదా 3416. అంటే 2016లో 34వ వారమేనా? స్టెప్నీ మీద కూడా అదే. గాడులు కొత్తవే కదా అని ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నాను. నిన్ననే మనవరాలిని ఎక్కించుకుని బొబ్బిలి వెళ్లొచ్చాను.

మెకానిక్ షెడ్డు, చీపురుపల్లి

అవును మాస్టారూ, 2016 ఆగస్టు. ఆ టైర్లతో హైవే ఎక్కకండి. మీరు కారు తీయొద్దు, ఆదివారం పొద్దున్న నేనే మీ ఇంటికి వస్తాను. బ్రేకు ఆయిల్ కూడా చూస్తాను.