నాలుగు వేల పౌండ్లలో జపాన్ స్పోర్ట్స్ కారు: కొవెంట్రీ నుంచి ఒక ప్రశ్న

కొవెంట్రీ కొత్తవాడు:

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. విజయవాడ నుంచి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి ఐదు నెలలైంది. ఆఫీసు ఊరి బయట. బస్సు గంటకొకటి, ఆదివారం అదీ లేదు. కారు కొనక తప్పదు. ఎలాగూ కొంటున్నప్పుడు చిన్నప్పటి నుంచి మనసులో ఉన్నదే కొంటే పోలేదా అనిపిస్తోంది. మా ఇంట్లో కంప్యూటర్ తెర మీద రాత్రంతా నడిపిన జపాన్ కార్లు ఇక్కడ పక్క వీధిలో వానకు తడుస్తూ నిలబడి ఉన్నాయి. చూసినప్పుడల్లా కాళ్లు ఆగిపోతున్నాయి.

దాచుకున్నది నాలుగు వేల పౌండ్లు. ప్రకటనల్లో మాజ్డా ఆర్ఎక్స్-8 పదిహేను వందలకే కనబడుతోంది. అంత అందమైన కారు అంత చవకగా ఎందుకు ఇస్తున్నారో అర్థం కావడం లేదు. నిస్సాన్ 350జెడ్ కొంచెం అప్పు చేస్తే అందేలా ఉంది. లైసెన్సు మన దేశానిదే. ఇంట్లో ఇంకా చెప్పలేదు. మా నాన్న దృష్టిలో కారంటే మారుతి, మిగతావన్నీ ఆడంబరం. మారుతిలో సగం జపానే కదా అని వాదించాలని ఉంది కానీ ధైర్యం చాలడం లేదు. ఏది కొనమంటారు?

లెస్టర్ నుంచి:

తమ్ముడూ, పదిహేనేళ్లుగా ఈ ఊళ్లో పాత కార్లతో కాపురం చేస్తున్నాను కాబట్టి చొరవ తీసుకుని చెబుతున్నాను. నాలుగు వేలూ కారుకే పెట్టకండి. కారుకు రెండున్నర, మహా అయితే మూడు వేలు. మిగతాది బీమాకు, రోడ్డు పన్నుకు, కొన్న ఆరు నెలల్లో అది అడిగే టైర్లకు, బ్రేకులకు. అప్పు మాట మరిచిపోండి.

ఏది కొనాలన్న ప్రశ్న కంటే ముందు ఎక్కడ చూడాలన్నది నేర్చుకోవాలి. మన ఊళ్లో పాత కారు కొనేవాడు బానెట్ ఎత్తించి ఇంజిన్ చప్పుడు వింటాడు, ఏసీ వేసి చూస్తాడు. ఇక్కడ మోకాళ్ల మీద కూర్చుని కింద చూడాలి. చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కారు పొట్టకు కొడుతూనే ఉంటాయి. ఇరవై ఏళ్ల కారంటే ఇరవై శీతకాలాల ఉప్పు తిన్న కారు. విశాఖలో సముద్రం ఒడ్డున ఇల్లున్నవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ దొరుకుతుంది. ఒళ్లే తుప్పు తినేస్తే వెల్డింగ్ ఖర్చు కారు ధరను మించుతుంది.

నేను వచ్చిన కొత్తలో కొన్న కారు పేరు చెప్పను. తళతళలాడే ఎర్ర రంగు చూసి కొన్నాను. ఆ ఏడు కారు ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళితే మెకానిక్ దాన్ని పైకెత్తి, తలుపు కింద స్క్రూడ్రైవర్‌తో ఒక్క పోటు పొడిచాడు. పిడి దాకా దిగింది. బయటికి లాగాక గోధుమరంగు పొడి జలజలా రాలి నా బూట్ల మీద పడింది. అతను ఏమీ అనలేదు, టీ తాగుతావా అని అడిగాడు. కొనేటప్పుడు నేను ఒక్కసారి కూడా వంగి చూడలేదు. తప్పు నాదే.

ఆ తప్పు మీరు చేయకుండా ఉండటానికి ఇక్కడ మంచి సాధనం ఉంది. మూడేళ్లు దాటిన కారుకు ఏడాదికోసారి ఎమ్ఓటీ అనే ఆ ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ వెబ్‌సైట్లో కారు నంబరు కొడితే పాత పరీక్షల ఫలితాలన్నీ ఉచితంగా వస్తాయి: ఎప్పుడు పాసైంది, దేనికి తప్పింది, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగింది. పరీక్ష తప్పిన కారును చూసి బెదరకండి. బల్బు పోయినా తప్పుతుంది. 'అడ్వైజరీ' అన్న చోట ఆగి చదవండి. పాస్ చేస్తున్నాను కానీ దీన్ని కనిపెట్టుకుని ఉండు అని పరీక్షకుడు రాసిన మాట అది. సిల్ అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య, తలుపు కింద పోయే డొల్ల ఇనుప దూలం. ఎడమవైపు సిల్ తుప్పు పడుతోంది అని రెండేళ్లు వరసగా రాసి, మూడో ఏడు ఆ ప్రస్తావనే లేదనుకోండి. తుప్పు దానంతటది మానదు. వెల్డింగ్ చేయించి ఉంటే బిల్లు ఉండాలి. బిల్లు లేకపోతే తారులాంటి నల్లపూత వేసి కప్పారని అనుమానించాలి. సిల్ అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య, తలుపు కింద పోయే డొల్ల ఇనుప దూలం. మైళ్లు కూడా చూడండి. నాలుగేళ్లలో ఆరు వందల మైళ్లే తిరిగిందంటే అపురూపంగా చూసుకున్నారని కాదు, తడి నేల మీద కదలకుండా పడి ఉందని.

ఇక కారు సంగతి. మీ డబ్బుకు నా ఓటు మాజ్డా ఎంఎక్స్-5కే. ఇంగ్లండులో పాతకాలంలో చేసిన తేలికపాటి రెండు సీట్ల కార్లను, ముఖ్యంగా లోటస్ ఎలాన్‌ను చూసి, వాన పడినా స్టార్టయ్యేలా జపాన్‌వాళ్లు తిరిగి తయారుచేసిన కారు అది. 1989లో చికాగో ప్రదర్శనలో మొదటిసారి చూపించారు. 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి, అందుకే విడిభాగాలు చవక, బాగుచేయడం తెలిసిన మెకానిక్ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. బరువు టన్నుకు కాస్త అటూ ఇటూ, తోసేది వెనక చక్రాలు. గుర్రమూ రౌతూ ఒక్కటి కావాలని మాజ్డావాళ్లు దీని గురించి చెప్పుకుంటారు. మనం ఎప్పుడో అన్నాం, రౌతు కొద్దీ గుర్రమని. కొత్త రౌతుకు ఈ గుర్రం సరిపోతుంది.

1998 నుంచి 2005 దాకా వచ్చిన రెండో తరం ఇంకా చవక. కానీ సిల్‌లూ, 2001 తర్వాతి వాటిలో ముందువైపు ఛాసిస్ దూలాలూ లోపలి నుంచి తుప్పు పడతాయి, బయటికి కనపడదు. కొత్తవారికి అది వద్దు. 2005 నుంచి 2015 దాకా వచ్చిన మూడో తరం చూడండి. 1.8 లీటర్లది చాలు. టైమింగ్ బెల్టు బదులు చైన్ ఉంటుంది, బెల్టు మార్చే ఖర్చూ తప్పుతుంది.

ఆర్ఎక్స్-8 చవకగా ఎందుకు ఇస్తున్నారన్నారు కదా. అందులో పిస్టన్లు ఉండవు, తిరిగే రోటర్లు ఉంటాయి. ఇంజిన్ నూనెను తాగడం దాని స్వభావం, తయారుచేసిందే అలా. రెండుసార్లు పెట్రోలు పోయించేలోగా ఒకసారైనా నూనె మట్టం చూడాలి. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, పది గజాలు జరిపి ఆపేస్తే పెట్రోలు లోపల నిండిపోయి మళ్లీ అంటుకోదు. ఇంజిన్ ఆరోగ్యం తెలియాలంటే మామూలు కంప్రెషన్ మీటరు పనికిరాదు, రోటరీకి వేరే పరికరం కావాలి. వేడి మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మొరాయించిందంటే అమ్మేవాడికి అప్పుడే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇంత తెలిసి ఇష్టంగా పెంచుకునేవాళ్లున్నారు, వాళ్లకు దండం. రోజూ ఆఫీసుకు వెళ్లే మనిషికి అది కారు కాదు, వ్రతం. పైగా పన్ను ఒకటి. 2006 మార్చి 23న గానీ ఆ తర్వాత గానీ రిజిస్టరై, కిలోమీటరుకు 255 గ్రాములకు మించి కార్బన్ డయాక్సైడ్ వదిలే కారుకు అన్నిటికంటే పై శ్రేణి రోడ్డు పన్ను, ఏడాదికి ఏడు వందల పౌండ్లు దాటుతుంది. అదే కారు అంతకు ముందు రోజు రిజిస్టరై ఉంటే నాలుగు వందల పైచిలుకు. ఆర్ఎక్స్-8, 350జెడ్ రెండూ ఈ లెక్కలోకే వస్తాయి.

రెడింగ్ నుంచి:

లెస్టర్ అన్నయ్య కారు సంగతి చెప్పారు. నేను కాగితాల సంగతి చెబుతాను తమ్ముడూ, నువ్వు తిట్టుకున్నా సరే.

కారును చూడటానికి వెళ్లకముందే దాని నంబరుతో బీమా ధర అడుగు. మన దేశంలో ఎన్నేళ్లు ప్రమాదం లేకుండా నడిపినా ఇక్కడి కంపెనీల్లో చాలావాటికి అది లెక్కలోకి రాదు. నువ్వు వాళ్ల దృష్టిలో నిన్న పుట్టినవాడివి. స్పోర్ట్స్ కారు, మన లైసెన్సు, వీధిలో పార్కింగ్, మూడూ కలిస్తే కారు ధర కంటే బీమా ఎక్కువ రావచ్చు. నడిపే తీరును కనిపెట్టే బ్లాక్ బాక్స్ బీమాకు ఒప్పుకుంటే కొందరికి తగ్గుతుంది, ఆ ధర కూడా అడిగి చూడు.

స్నేహితులు ఒక సలహా ఇస్తారు. ఇక్కడ ఎన్నాళ్ల నుంచో ఉన్న బావగారి పేరు మీద బీమా తీసుకుని, నీ పేరు రెండో డ్రైవరుగా పెట్టమని. రోజూ నడిపేది నువ్వైనప్పుడు అది మోసం కిందికి వస్తుంది. ప్రమాదం జరిగిన రోజున నీకు బీమా లేదంటారు, బావగారి పేరూ చెడుతుంది. అలాగే పాత యజమాని పెద్ద సైలెన్సరు బిగించినా, చక్రాలు మార్చినా ఆ సంగతి కంపెనీకి చెప్పాలి. చెప్పకపోతే అదీ వాళ్లకు సాకే. ఏ మార్పూ చేయని కారు వెతుక్కో.

ఇంకొకటి. మన లైసెన్సు ఇక్కడ చెల్లేది నువ్వు వచ్చి స్థిరపడిన రోజు నుంచి పన్నెండు నెలలు. ఐదు గడిచాయన్నావు. ఏడే మిగిలాయి. ఇక్కడి ప్రొవిజనల్ లైసెన్సుకు (మన లెర్నర్ లైసెన్సు లాంటిది) ఇవాళే పెట్టు. థియరీలో యాభై ప్రశ్నలకు నలభై మూడు సరిగ్గా రాయాలి. అది వారం చదివితే అయిపోతుంది. డ్రైవింగ్ పరీక్షకు తేదీ దొరకడమే గగనం, నెలలు పడుతుంది. నేను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తూ తెల్లవారుజామున ఫోను పట్టుకుని ఎవరైనా తేదీ రద్దు చేసుకున్నారేమోనని చూసేదాన్ని. ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు కూడా అంత ఎదురుచూడలేదు. గుమ్మం ముందు కారుండి, నడిపే హక్కు లేని స్థితి తెచ్చుకోకు.

స్విండన్ నుంచి:

అందరూ రెండు సీట్ల కారే అంటున్నారు. వచ్చే వేసవికి అమ్మానాన్న వస్తే హీత్రో నుంచి ఎలా తీసుకొస్తారు? మూడో తరం ఎంఎక్స్-5 డిక్కీ 150 లీటర్లు. ఆవకాయ జాడీలు సర్దిన ఒక్క పెట్టె కూడా దూరదు. వెనక సీట్లున్న టొయోటా సెలికా చూడండి, 1999 నుంచి 2006 దాకా వచ్చింది, వెనక తలుపు పైకి లేస్తుంది. 140 గుర్రాల శక్తి ఉన్నది తీసుకుంటే నూనె తాగుతుందేమో అడగండి, తొలి ఏళ్ల వాటికి ఆ జబ్బుంది. అదే ఇంజిన్ ఉన్న ఎంఆర్2కీ ఆ జబ్బే, పైగా డిక్కీ అసలు లేదు. మా ఊళ్లోనే పుట్టిన హోండా సివిక్ టైప్ ఆర్ నాకు ప్రాణం, 2001 నుంచి 2005 దాకా ఇక్కడి ఫ్యాక్టరీలోనే చేశారు. కానీ మంచివాటి ధర పెరిగిపోయింది. మిగిలినవాటిని కుర్రకారు పిండి వదిలేశారు.

ఇంకో మాట: బర్మింగ్‌హామ్ మీకు పక్కనే. ఊరి నడిబొడ్డుకు పాత పెట్రోలు కారుతో వెళితే కాలుష్య రుసుము రోజుకు ఎనిమిది పౌండ్లు, లండన్‌లో ఎక్కడ తిరిగినా పన్నెండున్నర. 2006 తర్వాతి పెట్రోలు కార్లకు చాలామటుకు ఆ బెడద లేదు. అయినా కొనేముందు నంబరు కొట్టి చూసుకోండి.

కొవెంట్రీ కొత్తవాడు:

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. అక్కా, ప్రొవిజనల్‌కు నిన్న రాత్రే పెట్టాను. ఆర్ఎక్స్-8కు బీమా అడిగాను. వచ్చిన అంకె చూసి తెర తిప్పి పక్కనున్నవాడికి చూపించాను, వాడు నవ్వాడు. 1.8 ఎంఎక్స్-5కు అందులో సగం కంటే తక్కువే వచ్చింది.

అమ్మానాన్న వస్తే అద్దెకు పెద్ద కారు తీసుకుంటాను. ఒక్క రోజు పెట్టె కోసం ఏడాదంతా నడిపే కారును ఎంచుకోవడం నాకు నచ్చలేదు, ఏమీ అనుకోకండి.

నునీటన్‌లో ఒకటి చూశాను, ఫోటోల్లోనే. 2007 మోడల్, ముదురు నీలం, గుడ్డ టాప్ (మడిచే పైకప్పు), 84 వేల మైళ్లు, 2,750 పౌండ్లు. ఎమ్ఓటీ చరిత్ర చదివాను. ఒకసారి టైర్లకు, ఒకసారి ముందు స్ప్రింగు విరిగి తప్పింది. వెనక సస్పెన్షన్ మీద పైపైన తుప్పు అని మూడేళ్ల నుంచి అడ్వైజరీ. సిల్ మాట ఎక్కడా లేదు. ఏడాదికి నాలుగైదు వేల మైళ్లు తిరిగింది. వేరేవాళ్లు కూడా చూడటానికి వస్తున్నారట. వంద పౌండ్లు బయానా పంపితే ఆపుతానంటున్నాడు. పంపమంటారా?

లెస్టర్ నుంచి:

పైసా పంపకండి. పోతే పోనీ, ఆ కార్లు పది లక్షలున్నాయని మొదటే చెప్పాను.

కాకపోతే చరిత్ర నాకు నచ్చింది. స్ప్రింగు విరగడం ఇక్కడి గుంతలకు మామూలే. పైపైన తుప్పు అన్న మాట మూడేళ్లుగా దాక్కోకుండా ఉందంటే ఎవరూ నల్లపూత వేసి కప్పలేదని. ఏటా తిరిగిన కారు. వెళ్లి చూడదగిందే.

వెళ్లేటప్పుడు ఒక టార్చి, ఒక సీసా నీళ్లు తీసుకెళ్లండి. టాప్ వెనక్కి మడిచి, సీట్ల వెనక మూల ఉండే గాడిలో మెల్లగా నీళ్లు పోయండి. వెనక చక్రానికి కాస్త ముందు, కారు కింద చుక్కలు పడాలి. పడకపోతే ఆ కాలువ ఆకులతో, మట్టితో పూడిపోయింది, నీళ్లు సిల్ లోపలికే పోతున్నాయి. తివాచీ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి. ఇంజిన్ ముందే వేడి చేసి ఉంచవద్దని ఫోనులోనే చెప్పండి, చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు ఎలా పడుతుందో తెలియాలి. నూనె పుల్ల తీసి మట్టం చూడండి. నాలుగు టైర్లూ నాలుగు కంపెనీలవైతే మిగతా విషయాల్లోనూ ఆయన పొదుపరే.

వీ5సీ అనే రిజిస్ట్రేషన్ కాగితం మీదున్న చిరునామా, మీరు నిలబడిన ఇంటి చిరునామా ఒకటే కావాలి. అయినా ఆ కాగితం యాజమాన్యానికి రుజువు కాదని దాని మీదే రాసి ఉంటుంది. కారు మీద అప్పుందా, ప్రమాదంలో దెబ్బతిని బీమా కంపెనీ వదిలేసిందా అన్నది పది ఇరవై పౌండ్ల రిపోర్టుతో తెలిసిపోతుంది. అక్కడ కక్కుర్తి పడకండి. కొన్నాక వీ5సీలోని ఆకుపచ్చ చీటీ మీ దగ్గర ఉంచుకోండి. పాత యజమాని కట్టిన పన్ను మీకు చెల్లదు. ఆ చీటీ మీది పన్నెండంకెల నంబరుతో మీ పేరున పన్ను కట్టి, బీమా మొదలయ్యాకే చక్రం కదలాలి.

నునీటన్ మా ఇంటికీ మీ ఇంటికీ మధ్యలోనే ఉంది. శనివారం ఉదయం పదింటికి వస్తానని అతనికి చెప్పండి, నేనూ వస్తాను. స్టేషన్ బయట కలుద్దాం. వాన పడుతుందంటున్నారు. పడనివ్వండి, టాప్ కారుతుందో లేదో అదీ తేలుతుంది. టార్చి నేను తెస్తాను, మీరు పాత ప్యాంటు వేసుకుని రండి.