ఎనిమిదో నెలలో పాడిన చీటీకి నాకు పడిన అసలు వడ్డీ ఎంత?

ఐదు లక్షల చీటీ, 20 మంది, 20 నెలలు, కమీషన్ 5 శాతం. ఎనిమిదో నెలలో 90,000 తగ్గించి పాడుకున్నాను. 4,10,000 రావాలి, ఆ నెల వాయిదా 21,750 పట్టుకుని 3,88,250 చేతికిచ్చారు.

కట్టింది: మొదటి నెల పూర్తిగా 25,000. రెండు నుంచి ఏడు వరకు, డివిడెండ్ (పాటలో తగ్గిన సొమ్ములో కమీషన్ పోను అందరికీ పంచేది) పోను, సగటున నెలకు 20,750. తొమ్మిది నుంచి ఇరవై వరకు సగటున 23,650. ఎనిమిదో నెల పట్టుకున్న 21,750తో కలిపి మొత్తం 4,55,050, అంటే రావాల్సిన 4,10,000 కన్నా 45,050 ఎక్కువ.

దీన్ని 4,10,000తో భాగిస్తే 11 శాతం. కానీ మొదటి ఏడు నెలలు కట్టింది నా సొంత డబ్బే కదా, అందుకే ఈ లెక్క నాకు తప్పనిపించింది. ఎక్సెల్‌లో కట్టినవి మైనస్, చేతికొచ్చింది ప్లస్ పెట్టి ఐఆర్ఆర్ (విడతలుగా వచ్చీపోయే డబ్బు మీద పడే వడ్డీ రేటు) వేశాను. గెస్ (ఎక్సెల్ లెక్క మొదలుపెట్టడానికి మనం ఇచ్చే అంచనా రేటు) ఇవ్వకపోతే నెలకు 11.2 శాతం, 0.05 ఇస్తే 6.4 శాతం చూపిస్తోంది. అంకెలు మూడుసార్లు సరిచూశాను, మారలేదు. మైనస్, ప్లస్, మళ్లీ మైనస్ రావడం వల్లే రెండు జవాబులు వస్తున్నాయని అర్థమైంది. మరి ఏది నమ్మాలి?

చివరికి మొదటి ఏడు నెలల్లో కట్టిన 1,49,500ని పొదుపుగా పక్కన పెట్టి, చేతికొచ్చినదాంట్లో మిగిలిన 2,38,750ని అప్పుగా చూస్తే నూటికి నెలకు సుమారు 2 రూపాయల 75 పైసలు పడింది. కానీ ఇందులో నా పొదుపుకు వడ్డీ సున్నా అనుకున్నట్టయింది.

వచ్చే నెల మళ్లీ చీటీ వేయాలా, బంగారం మీద అప్పు తీసుకోవాలా అన్న టెన్షన్‌లో ఉన్నాను. బంగారం అప్పు వడ్డీతో పోల్చడానికి ఈ చీటీ వడ్డీని ఏ పద్ధతిలో లెక్కగట్టాలి?