కిరందుల్ ఐరన్ ఓర్ గనిలో ఉద్యోగం వచ్చింది, అమ్మ వద్దంటోంది. అక్కడ పనిచేసినవాళ్లు చెప్పండి

కొత్త సూపర్వైజర్:
మైనింగ్ డిప్లొమా అయింది. బైలడిలా కొండ మీద ఓపెన్ కాస్ట్ (సొరంగం లేకుండా పైనుంచి తవ్వే) గనిలో ఒక కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగం. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా అనగానే అమ్మకి టెన్షన్. అక్కడ నిజంగా దేనికి భయపడాలి?

పాత డంపర్ ఆపరేటర్:
తమ్ముడూ, ఆ కొండ మీద 22 ఏళ్లు డంపర్, అంటే ఓర్ మోసే భారీ లారీ, నడిపాను. భయపడాల్సింది పొగమంచుకి. వానాకాలంలో మబ్బు వచ్చి బెంచీల మీదే, అంటే కొండని మెట్లుగా తవ్విన అంచెల మీదే, కూర్చుంటుంది.

100 టన్నుల డంపర్ టైరే దాదాపు 9 అడుగుల ఎత్తు. ఆపరేటర్ సీటు ఎడమవైపు. ఎండ కాసే రోజున కూడా కుడి టైరు పక్కన నిలబడ్డ మనిషి మాకు కనపడడు. ఒక తెల్లవారుజామున లోడు ఎత్తుకుని కదలబోతుంటే లోడు నింపే షావెల్ యంత్రం ఆపరేటర్ ఆపకుండా హారన్ కొట్టాడు. బ్రేక్ తొక్కి దిగి చూస్తే, కుడి టైరుకి మూరెడు దూరంలో జీపు. మాకు కనపడాలని జీపుకి కట్టే పొడవాటి జెండా కర్ర విరిగిపోయి ఉంది. లోపల నీ వయసు కుర్రాళ్లిద్దరు. ఆ రోజు మధ్యాహ్నం దాకా నా చేతులు వణికాయి. ఎవరు ఎంత తొందరపెట్టినా, ఆపరేటర్ నిన్ను చూసి చేయి ఊపాకే బండి దగ్గరికి వెళ్లు.

ఇంకోటి, వెళ్లగానే ఒక ఓర్ ముక్క చేతిలోకి తీసుకో. నల్లగా మెరుస్తుంది, మామూలు రాయికి రెట్టింపు బరువు. గరుకు పెంకు మీద గీస్తే ఎర్రటి గీత పడుతుంది. అదే ఎరుపు నీ చొక్కాకీ పడుతుంది, ఉతికినా పోదు.

కిరందుల్ అమ్మాయి:
నాన్నగారి ఉద్యోగం వల్ల అక్కడే పెరిగాను. అమ్మగారితో చెప్పండి, విశాఖ నుంచి అరకు మీదుగా నేరుగా రైలుంది. ఓర్‌ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైన్ అది. వానల్లో కొండచరియలు పడితే ఆగిపోతుంది, ఆ నెలల్లో రోడ్డు దారి కూడా చూసిపెట్టుకోండి.

ఒక్క మాట. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి ఆ కొండలు దేవుళ్లు. 2019లో 13వ డిపాజిట్ (ఓర్ నిక్షేపం) ఉన్న నందరాజ్ కొండ తవ్వొద్దని వేలమంది ఆదివాసీలు కిరందుల్ వచ్చి రోజుల తరబడి కూర్చున్నారు. చిన్నప్పుడు శంఖిని వాగు ఎర్రగా పారడం చూశాను, ఆ నీళ్ల పక్కనే వాళ్ల పొలాలు. వాళ్లు కోపంగా మాట్లాడితే ఎదురు చెప్పకుండా వినండి.

కొత్త సూపర్వైజర్:
థాంక్స్ అక్కా. అన్నా, వీటీ (వొకేషనల్) ట్రైనింగ్ అయ్యేదాకా గనిలో పనికి పంపరట.

పాత డంపర్ ఆపరేటర్:
మంచిదే. ఆ ట్రైనింగ్‌లోనే అడిగి, ఆగి ఉన్న డంపర్ కేబిన్ ఎక్కి కూర్చో. నీ స్నేహితుణ్ణి కుడి టైరు పక్కన నిలబడమను. కనిపిస్తాడేమో చూడు.