పదిహేనేళ్ల పిల్ల స్నేహితులతో వేసవిలో సిటీ తిరగడానికి వెళ్తే రోజంతా లైవ్ లొకేషన్ ఉండాలా?

వేసవిగాలి
పదిహేనేళ్ల అమ్మాయి, తోడు మరో నలుగురు స్నేహితులు. పెద్దవాళ్లు ఎవరూ ఉండరు. శనివారం పొద్దున పదింటికి మెట్రో ఎక్కి, పార్కుకి వెళ్లి, ఆ తర్వాత మ్యూజియం చూసి, సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరాలని వాళ్ల ప్లాన్. ఆదివారం ఎలాగూ ఇంటిల్లిపాదీ కలిసి బయటికి వెళ్తాం. శనివారం మాత్రం రోజంతా వాట్సాప్ లైవ్ లొకేషన్ ఆన్‌లో ఉండాలని ఇంట్లో ఒకరు, అక్కర్లేదని ఇంకొకరు. తెలిసినవాళ్లు చెప్పండి.

పటంచూపు
ఉండి తీరాలి. కాకపోతే పెట్టే పద్ధతి తెలియాలి. వాట్సాప్‌లో 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడే గడువులుంటాయి. పదింటికి పెడితే ఆరింటికి ఆగిపోతుంది, కాస్త ఆలస్యమైతే ఇంటి దారిలో ఉండగానే పోతుంది. గూగుల్ మ్యాప్స్‌లో అయితే మనం ఆపేదాకా నడిచేలా పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో లొకేషన్ అనుమతి 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని ఉంటే తెర ఆరిపోయాక మ్యాప్ మీద మనిషిని చూపే చుక్క కదలకపోవచ్చు, దాన్ని 'ఎప్పుడూ' అని మార్చాలి. బ్యాటరీ సేవర్ తీసేయాలి.

పవర్ బ్యాంక్ మీద 10,000 ఎంఏహెచ్ అని చూసి మోసపోకండి. అది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క. 5 వోల్టులకి మారేటప్పుడు పోయేది పోగా ఫోన్‌కి అందేది 6,000 పైచిలుకు. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని ఒక్కసారి నింపుతుంది. ఐదుగురికి ఒకటి చాలదు.

చెట్టునీడ
లొకేషన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ప్లానే తలకిందులుగా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. పదింటికి బయల్దేరితే పార్కులో ఉండేది సరిగ్గా మిట్టమధ్యాహ్నం. సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండు ప్రాంతంలో, గాలి బాగా వేడెక్కేది రెండు నుంచి నాలుగు మధ్య. వాతావరణ వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే తెల్లపెట్టెలో, మనిషి ఎత్తు లోపే కొలిచినది. తారు రోడ్డు మీద నడిచే పిల్లకి తగిలే వేడి అంతకంటే చాలా ఎక్కువ.

తిరగేయండి. ఏడింటికి పార్కు, పదిన్నరకల్లా మ్యూజియం లోపల, మళ్లీ బయటికి రావడం నాలుగున్నర తర్వాతే. తన నీడ తనకంటే పొట్టిగా కనిపిస్తే నీడపట్టుకి చేరాలి అని పిల్లలకి ఒక్క ముక్క చెప్పండి. దానికి ఏ యాప్ అక్కర్లేదు.

పటంచూపు
వాళ్లు అడిగింది లొకేషన్ గురించి. మీరు చెప్పింది టైమింగ్ గురించి. ఏడింటికి వెళ్లినా పదింటికి వెళ్లినా పిల్ల ఎక్కడుందో ఇంట్లో తెలియాలా వద్దా? దానికి జవాబివ్వండి.

చెట్టునీడ
చుక్క పార్కు మీద ఉందో మ్యూజియం మీద ఉందో కనిపిస్తుంది. ఆ పిల్లకి కళ్లు తిరుగుతున్నాయని కనిపించదు. పైగా భూగర్భ మెట్రోలో ఉపగ్రహ సిగ్నల్ అందదు, మందపాటి గోడల భవనాల్లోనూ సరిగా అందదు. ఫోన్ అప్పుడు టవర్లని, వైఫైని పట్టుకుని అంచనా వేస్తుంది. చుక్క చుట్టూ పెద్ద వలయం వస్తుంది, లేదంటే చివరిసారి అందిన చోటే నిలిచిపోతుంది. ఇంట్లో కంగారు మొదలవుతుంది, వరసగా కాల్స్ చేస్తారు, లోపల సిగ్నల్ లేక ఒక్కటీ కలవదు.

గడియారంముల్లు
ఎండకి ఫోనూ తట్టుకోదు. ఐఫోన్ వాడటానికి ఆపిల్ చెప్పే పరిధి 0 నుంచి 35 డిగ్రీలు. మ్యాప్ నడుస్తూ, తెర వెలుతురు పూర్తిగా పెంచి, పవర్ బ్యాంక్‌కి తగిలించి ఎండలో పట్టుకుంటే కాసేపటికి వేడి హెచ్చరిక వచ్చి ఆగిపోతుంది. సంచి లోపల పెట్టమనండి. త్వరగా చల్లారుతుందని ఐస్ మీద మాత్రం పెట్టొద్దు, లోపల తేమ పడుతుంది.

పటంచూపు
ఇవన్నీ సర్దుకోగలిగేవే. చుక్క నిలిచిపోయినప్పుడు అది ఎన్ని నిమిషాల కిందటిదో దాని పక్కనే చూపిస్తుంది. దాన్ని చదవకుండా కంగారుపడితే తప్పు చుక్కది కాదు. మెట్రో ఎక్కే ముందు ఒక మెసేజ్, దిగాక ఒక మెసేజ్. సరిపోతుంది.

చెట్టునీడ
సరే, మెసేజ్‌లు పెడతారు. నీళ్ల సంగతి?

దాహం వేసేదాకా ఆగకూడదు. ఎండలో నడుస్తున్నంతసేపూ పదిహేను ఇరవై నిమిషాలకి ఒక గ్లాసు తాగాలి. అలాగని గంటకి లీటరున్నర దాటకూడదు. వట్టి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. అప్పుడూ తలనొప్పి, వికారమే వస్తాయి. పిల్లలు ఎండ వల్లే అనుకుని ఇంకా తాగుతారు. ఓఆర్ఎస్ తీసుకెళ్తే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లూ పొయ్యాలి. లీటరు పొడిని అర లీటరు సీసాలో కలిపితే గాఢత రెట్టింపవుతుంది, అది ఒంట్లోంచే నీటిని పేగుల్లోకి లాగుతుంది.

ఇక వడదెబ్బ. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. ఎండలో ఆడి, పరిగెత్తి పడిపోయిన పిల్లకి ఒళ్లంతా చెమటతో తడిసి ఉండొచ్చు. చూడాల్సింది మాట, నడక. మాట తడబడినా, పొంతన లేని జవాబులిచ్చినా, తూలినా అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. వాళ్లు వచ్చేదాకా చూస్తూ కూర్చోకూడదు. నీడకి చేర్చి, ఒంటి నిండా చల్లటి నీళ్లు పోసి, విసురుతూ ఉండాలి. మెడకి, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టాలి. తెలివి సరిగా లేని మనిషికి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇదంతా ఆ ఐదుగురికీ తెలిసినా ఒక చిక్కు మిగులుతుంది. ముందుగా నలతపడిన పిల్ల నోరు విప్పదు. చెప్తే ఇంకోసారి పంపరని దాని భయం. రోజంతా ఇంటి కన్ను మీద ఉందని తెలిస్తే ఇంకా దాస్తుంది.

పటంచూపు
అంటే లొకేషన్ అడిగే తల్లిదండ్రుల వల్లే పిల్లలకి వడదెబ్బ తగులుతుందా? పోయినసారి ఈతకొలను చర్చలో కూడా నా మాట సగం కోసి, నేను అనని దానికి జవాబిచ్చారు. పిల్లల్ని వేధించేవాడిలా నన్ను చూపించడం మీకు అలవాటైపోయింది. జరగరానిది జరిగితే అందరూ వేలెత్తి చూపేది ఇంట్లోవాళ్లని. మీ నీడల లెక్కని ఎవరూ అడగరు.

మూడోమలుపు
వేసవిగాలి గారూ, ఇంట్లో అబ్బాయి ఉంటే అతనికీ ఇదే షరతు పెట్టారా?

వేసవిగాలి
పెట్టలేదు. ఇదే వయసులో వాళ్లన్న వెళ్లినప్పుడు ఎన్నింటికి వస్తావని మాత్రమే అడిగాం.

పటంచూపు
అన్నకీ పెట్టాల్సింది. నా మాటలో ఆడా మగా తేడా లేదు. సాయంత్రం ఆరింటిదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చోలేని మనిషికి ఆ చుక్క చూస్తే ఊపిరి ఆడుతుంది. అది కూడా తప్పేనా?

చెట్టునీడ
తప్పు కాదు. కానీ ఈ మాట ఇంతసేపూ మీరు అనలేదు. క్షేమం, క్షేమం అన్నారు. చుక్క వల్ల వచ్చే నెమ్మది మీది, దానికోసం ఎనిమిది గంటలు కట్టుబడేది ఆ పిల్ల. అమ్మానాన్నలం, మా నెమ్మది కోసం అడుగుతున్నాం అని చెప్పి అడగండి, చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. నీ మంచికే అంటే ఒప్పుకోరు, ఫోన్ స్నేహితురాలి సంచిలో పెట్టి ఇంకో చోటికి వెళ్తారు.

పటంచూపు
పిల్లని బతిమాలుకోవాలంటారు. నేను ఒప్పుకోను. పదిహేనేళ్లకి కొన్ని ఇంటివాళ్లే తేల్చాలి.

చెట్టునీడ
ఏవి తేల్చాలన్నదే మన తగువు. బయల్దేరే వేళ, తిరిగొచ్చే వేళ, వెళ్లకూడని చోట్లు ఇంటివాళ్లు తేల్చాలి. మధ్యలో ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నది ఆ పిల్లకి వదలాలి, ఎందుకంటే అక్కడ ఉండేది తనే.

వేసవిగాలి గారూ, ఆదివారం ఇంటిల్లిపాదీ వెళ్తాం అన్నారు కదా. శనివారానికి ముందే ఒక ఆదివారం అలా వెళ్లండి. దారి ఆమెనే చూపమనండి. ఏ గేటు బయట దిగాలో, చివరి స్టేషన్ ఏదో, ఒకరు తప్పిపోతే అందరూ ఎక్కడ కలవాలో ఆమే తేల్చాలి. తప్పు దారి పట్టినా పదినిమిషాలు నోరు మెదపకండి. ఇంటి ఫోన్ నంబర్లు రెండు కాగితం మీద రాయించండి, ఫోన్ ఆగిపోతే అవి గుర్తుండవు.

గడియారంముల్లు
కలుసుకునే చోటు 'పార్కు గేటు' అని చెప్పొద్దు. పార్కుకి గేట్లు చాలా ఉంటాయి. నీడ ఉన్న చోటు, గేటు నంబరుతో సహా చెప్పాలి.

వేసవిగాలి
వచ్చే ఆదివారం అలాగే వెళ్తున్నాం. ఆ తర్వాతి శనివారం ఏడింటికి బయల్దేరుతారు. లొకేషన్ మీద ఇంట్లో ఇంకా తెగలేదు. ఇదంతా చదివి అమ్మాయి అడగమన్నది ఒకటే: ఒకరికి నలతగా ఉంటే ఐదుగురూ తిరిగి రావాలా, ఒకరు తోడొస్తే చాలా?

చెట్టునీడ
ఒకరు తోడొస్తే దారిలో ఆమె పడిపోయినప్పుడు పట్టుకునేది, ఫోన్ చేసేది ఆ ఒక్కరే అవుతారు. ఇద్దరు తోడు రావాలి. మిగిలిన ఇద్దరూ కలిసే ఉండాలి. మాట తడబడుతుంటే మాత్రం ఎవరూ కదలకూడదు, అంబులెన్స్ అక్కడికే రావాలి.

పటంచూపు
తోడొచ్చే ఇద్దరిలో ఒకరి ఫోన్‌లో లైవ్ లొకేషన్ ఆన్ చేయాలి.

చెట్టునీడ
అప్పుడు పెట్టాల్సిందే. గంట గడువు చాలు.

పటంచూపు
గంట మెట్రోలోనే అయిపోతుంది. ఎనిమిది పెట్టి, ఇల్లు చేరాక ఆపమనండి.