హీలియం ఉండాల్సింది 18వ గ్రూపులోనా, 2వ గ్రూపులోనా?

రెండో బెంచి: హీలియం ఏ బ్లాక్ అంటే మా పాప ‘ఎస్’ అని రాసింది. సార్ కొట్టేసి ‘పి’ అని దిద్దారు, అర మార్కు పోయింది. దాని ఎలక్ట్రాన్ విన్యాసం 1ఎస్² కదా, అంటే ఉన్న రెండూ ఎస్‌లోనే? ఆవర్తన పట్టికలో మాత్రం 18వ గ్రూపులో, అంటే 18వ నిలువు వరుసలో, నియాన్ నెత్తిన ఉంది.

పాతపలక: పాపదే కరెక్టు. పట్టికలో నిలువు వరుసలు లెక్కపెట్టండి. ఎడమన 2, కుడివైపు 6, మధ్యలో 10, కింద విడిగా 14. ఎస్, పి, డి, ఎఫ్ అనే ఉపకర్పరాల్లో (ఎలక్ట్రాన్లు ఉండే అరల్లో) పట్టే ఎలక్ట్రాన్లు సరిగ్గా అన్నే. చివరి ఎలక్ట్రాన్ ఏ అరలో చేరితే అదే బ్లాక్. పొటాషియంలో 3డి ఖాళీగా ఉండగానే 19వ ఎలక్ట్రాన్ 4ఎస్‌లోకి పోతుంది. అందుకే డి బ్లాక్ నాలుగో పీరియడ్‌లో (అడ్డు వరుసలో) గానీ మొదలవదు. ఇంత పద్ధతిగా ఉన్నదాంట్లో హీలియం ఒక్కదాన్నే తెచ్చి పి వరుసలో పడేశారు. 2వ గ్రూపులో బెరీలియం పైన పెట్టాలి.

బెంజీన్ బాబాయ్: బెరీలియం 1287 డిగ్రీల దాకా కరగని లోహం. హీలియం మైనస్ 269 దగ్గరే మరిగిపోతుంది. ఒక ఎలక్ట్రాన్ లాగాలంటే దానికి 9.3 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, దీనికి 24.6 కావాలి. రెండూ ఒకే గ్రూపా? రేపు పిల్లలు హీలియం క్లోరైడ్ ఫార్ములా రాస్తారు.

చాయ్ బ్రేక్: పాపం హైడ్రోజన్‌ని ఎవరూ అడగరు.

పాతపలక: బాబాయ్, అడిగింది బ్లాక్. మీరు చెప్పేది గ్రూపు.

బెంజీన్ బాబాయ్: బ్లాక్ ఎస్సే, నేను కాదన్నానా?

పాతపలక: మరి ఇంతసేపు ఎవరితో పోట్లాడుతున్నట్టు? ఇంటర్‌లో నాకూ ఇలాగే కోశారు. చార్టులో ఆ గడికి ఏ రంగు వేశారో చూసి దిద్దారు! మీ మాస్టార్లంతా ఇంతే.

బెంజీన్ బాబాయ్: అందరినీ ఒకే గాటన కట్టకండి. మెండలీవ్ 1869లో గుణాలు చూసే పేర్చాడు. అప్పటికి ఎలక్ట్రాన్ సంగతే ఎవరికీ తెలీదు.

పాతపలక: గుణాల కోసమే టెల్లూరియం, అయోడిన్‌ల పరమాణు భారాల వరుస తప్పించాడు. ఎందుకలా కుదిరిందో 1913లో మోస్లే ఎక్స్‌రేలతో పరమాణు సంఖ్యలు (ప్రోటాన్ల లెక్క) తేల్చాకే అర్థమైంది. కారణం దొరికాక కూడా పై లక్షణాలే పట్టుకుని వేలాడతారా?

బెంజీన్ బాబాయ్: నేను చెప్పేదీ కారణమేనయ్యా! హీలియంలో మొదటి కర్పరం, అంటే ఎలక్ట్రాన్ల పొర, నిండిపోయింది, ఇక అందులో చోటు లేదు. బెరీలియంలో 2ఎస్ నిండినా పక్కనే 2పి ఖాళీ. మీరు ఉపకర్పరం పేరు చూస్తున్నారు, నేను కర్పరం నిండిందా లేదా అని చూస్తున్నాను.

పాతపలక: ఈ మాట మొదటే అనుంటే సగం గొడవ ఉండేది కాదు. నిండిందా లేదా అన్నదే కొలత అయితే మీ 18 సరే. పట్టికను ఆ కొలతతోనే ఎందుకు గీయాలన్నది నా ప్రశ్న.

చాయ్ బ్రేక్: సూర్యుడి వెలుగులో హీలియం జాడ కనిపించిన 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో దుర్బిణి పెట్టాడు. హీలియం కథలో మన ఊరు కూడా ఉంది, కాస్త మర్యాదగా చూసుకోండి.

రెండో బెంచి: సార్‌ని అడిగొచ్చా. ‘18వ గ్రూపు అంటే పి బ్లాకే కదండీ’ అన్నారు. రేపు మళ్ళీ వెళ్తున్నా.

పాతపలక: నేనూ రానా?